ముప్పై మంది జాయినింగ్ ఆపిన మేడమ్

మా మేడమ్ పోయారని మొన్న ఆదివారం పొద్దున ఫోనొచ్చింది. చెప్పినావిడ ఏడుస్తూనే ఇంకో మాట కూడా చెప్పింది. "సార్, కార్లల్ల ఎవ్వరూ రావొద్దని మేడమ్ ముందే చెప్పి పెట్టిన్రంట. బస్సులనో ఆటోలనో రావాలంట. పూలదండలు వద్దంట. తెచ్చినా పాలిథిన్ కవర్ల తేవొద్దంట."

ఫోను పెట్టేసి మంచం మీద కూర్చున్నాను. దుఃఖం రావాల్సిన చోట ముందు విసుగొచ్చింది. పోయాక కూడా ఈవిడ మనల్ని తిన్నగా ఏడవనివ్వదు కదా అనుకున్నాను. ఆ తర్వాత బస్సు కోసం నలభై నిమిషాలు ఎండలో నిలబడ్డప్పుడు, అక్కడ, నలుగురి మధ్య ఏడుపొచ్చింది.

ఆవిడ మా కంపెనీ పర్సనెల్ మేనేజర్. ఇప్పుడు హెచ్.ఆర్. అంటున్న పనికి అప్పట్లో ఆ పేరు. ఎం.డి. గారి నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా ఆవిడను పేరుతో పిలిచినవాళ్లు లేరు. నేనూ ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టను.

తొంభైల చివర్లో, మాదాపూర్ వైపు రాళ్లగుట్టల మధ్య అద్దాల భవనాలు ఒకటొకటిగా లేస్తున్న రోజుల్లో, నేను ఆవిడ కింద అసిస్టెంటుగా చేరాను. మాది తెనాలి. ఎం.బి.ఏ. పూర్తిచేసి, రెండు టైలు కొనుక్కుని, ఏసీ గదిలో ఉద్యోగమని ఊళ్లో అందరికీ చెప్పి వచ్చాను. మేడమ్‌ది మెదక్ వైపు పల్లె. అంతకుముందు ఇరవై ఏళ్లు ఒక ఫ్యాక్టరీలో కార్మికుల వ్యవహారాలు చూశారట. యాభై దాటిన మనిషి. నూలు చీర, మగవాళ్లు పెట్టుకునేంత పెద్ద గడియారం, భుజానికి గుడ్డ సంచి. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. బోరబండలో రెండు గదుల ఇల్లు. అక్కణ్ణుంచి రోజూ బస్సులో వచ్చేవారు.

ఉద్యోగంలో చేరకముందే నాకు ఆవిడ మీద కోపమొచ్చింది. నాకొచ్చిన ఆఫర్ లెటర్ మామూలు కాగితంలో సగమే ఉంది. మా నాన్నగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మిగతా సగం ఏదిరా?" అని అడిగారు. ఏం చెప్పను? జీతం, హోదా రాసిన తర్వాత దానిలో ఒక షరతు కూడా ఉంది: "తాగుటకు గ్లాసు వెంట తెచ్చుకొనవలెను." మా అమ్మ అది చదివి, పాపం చిన్న కంపెనీ కాబోలు అని బెంగపెట్టుకుంది.

చేరిన రోజున ధైర్యం చేసి అడిగాను. "కంపెనీ పరువు పోదాండీ, సగం కాగితం మీద ఉద్యోగమిస్తే?"

"ఉద్యోగమిస్తున్నమని చెప్పనీకి గింత జాగ చాలదా?" అన్నారు మేడమ్. "మిగిలిన సగంల ఇంకొకరికి ఇచ్చిన. గ్లాసు తెచ్చినవా?"

తేలేదు. ఆ రోజంతా దోసిట్లో పట్టుకునే నీళ్లు తాగాను.

సోమవారం సోమవారం కొత్తగా చేరేవాళ్లకు కంపెనీ గురించి చెప్పే కార్యక్రమం ఉండేది. వేరే కంపెనీల్లో చీకటి గదిలో కూర్చోబెట్టి తెర మీద బొమ్మలు చూపించి, బిస్కెట్లు పెట్టేవారు. మేడమ్ వాళ్లను భవనం వెనక్కి నడిపించేవారు. ఇదిగో ఇది జనరేటర్, కరెంటు పోయినప్పుడల్లా దీని పొగ అదిగో ఆ తోటపనివాళ్ల గదిలోకి పోతది. ఇది నీళ్ల ట్యాంకరొచ్చే జాగ. ఇది మీరు పారేసే అన్నం. కొత్త బూట్లు, కొత్త టైలు, నెత్తిన ఎండ. ఆ పిల్లలు నా మొహం చూసేవారు. నేను ఆకాశం చూసేవాణ్ణి. చివరికి మేడమ్ ఒక మాట చెప్పి పంపేవారు. "మనిషిని పనిల పెట్టుకుంటే, ఆ మనిషి తాగే నీళ్లు, పారవోసే నీళ్లు గూడ మనమే పనిల పెట్టుకున్నట్టు. గది యాద్ పెట్టుకోండి." ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. క్యాంటీన్ ఎక్కడో అడిగేవారు.

అంతటితో ఆగితే బాగుండేది. ఎవరి ఇల్లు ఏ వైపో చూసి, ఒకే దారిన వచ్చేవాళ్లందరికీ ఒకే షిఫ్టు వేశారు. కంపెనీ బస్సు నిండుగా రావాలని. తన స్నేహితుడు రాత్రి షిఫ్టులో ఉన్నాడు, తననూ అందులో వేయమని ఒకడొస్తే, "మీ ఇద్దరి ఇండ్లు దగ్గర చెయ్యి, షిఫ్టు దగ్గర చేస్త" అన్నారు. ఆ జాబితాలన్నీ నేనే తయారుచేయాలి. తిట్లన్నీ నాకే. ఊడ్చేవాళ్లకూ, తోటపనివాళ్లకూ కూడా ఇంజినీర్లతో కలిపి శిక్షణ పెట్టారు. ఏ కాగితం ఏ బుట్టలో వేయాలో మాకు పాఠం చెప్పింది ఊడ్చే ఆమె. తనను మొదటి బెంచీలో కూర్చోబెట్టారని ఒక టీమ్ లీడర్ నాతో వారం రోజులు మాట్లాడలేదు.

ఏడాదికోసారి పనితీరుకు మార్కులు వేసే కాగితంలో ఆవిడ ఒక కొత్త వరస చేర్చారు. సాయంత్రం ఇళ్లకు పోయేటప్పుడు ఆ జట్టు కంప్యూటర్ తెరలు, లైట్లు ఆర్పి వెళ్తోందా లేదా? అందరికంటే పేరున్న ప్రాజెక్ట్ మేనేజర్‌కు ఆ వరసలో సున్నా వచ్చింది. ఆయన కాగితం పట్టుకుని మా గదిలోకి దూసుకొచ్చాడు.

"మేడమ్, నేను ఇక్కడికి ప్రోగ్రాములు రాయడానికి వచ్చాను. లైట్లు ఆర్పడానికి కాదు!"

"మీ ఇంట్ల ఎవరు ఆర్పుతరు?"

"మా ఆవిడ."

"ఆమెను తోలుకరా. నౌకరిస్త."

నేను నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయాను. ఆయన నవ్వలేదు. ఆ ప్రాజెక్ట్ మేనేజర్‌ను గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

అసలు సంగతి ఆ ఏడాది వానాకాలంలో జరిగింది. భవనం వెనక ప్రహరీ దాటితే బండల మధ్య ఒక చిన్న కుంట ఉండేది. దాని అవతల పాత ఊరు. ఒకరోజు ఆ ఊరినుంచి ఒక పెద్దావిడ మా గేటు దగ్గరికొచ్చి నిలబడి అరవడం మొదలుపెట్టింది. నాలుగు గేదెలు పెట్టుకుని పాలమ్ముకునే మనిషి. మా భవనం మురుగు పొంగి, మోరీ కాల్వ పట్టి పారి, కుంటలో కలుస్తోందట. గేదెలు ఆ నీళ్లు ముట్టడం లేదట. ఒకటి అప్పటికే జబ్బుపడిందట.

"మీరు అద్దాల మేడల గూసుంటరు. మీ పాయఖాన నీళ్లు మా బర్రెలు తాగాలెనా?" అని ఆమె అరుస్తుంటే, లోపలున్నవాళ్లకు ఏమీ వినిపించలేదు. అద్దాలు మంచివి.

మేడమ్ ఆ రెండు రోజులూ చెల్లెలి ఇంట్లో పెళ్లని సెలవులో ఉన్నారు. భవనం వ్యవహారాలు చూసే అడ్మిన్ హెడ్ నన్ను పిలిచాడు. "చూడు, ఇవన్నీ ఎందుకొస్తాయో నాకు తెలుసు. ఆ పాలావిడ ఇంట్లో ఎవరికైనా హౌస్‌కీపింగ్‌లో ఉద్యోగం ఇచ్చేయ్. ఇకమీద ఫిర్యాదు లేదని ఒక సంతకం తీసుకో. మీ మేడమ్ వచ్చిందంటే మళ్లీ ఉపన్యాసం మొదలవుతుంది."

నిజం చెప్తాను, నాకు సంతోషమేసింది. మొదటిసారి ఒక ఉద్యోగం కాగితం నా అంతట నేను తయారుచేస్తున్నాను. పూర్తి కాగితం మీద, ఒకవైపే, చక్కగా టైపు చేశాను. ఫిర్యాదు లేదనే కాగితం వేరే టైపు చేశాను. రెండూ ఫైల్లో పెట్టుకుని, టై సర్దుకుని, ఆ ఊరికి వెళ్లాను.

పెద్దావిడ కోడలికి ఇరవై రెండేళ్లుంటాయేమో. పదో తరగతి పాసైంది. కాగితం చదివి ఆమె మొహం వెలిగిపోయింది. "అత్తా, ఆఫీసుల నౌకరి!" అంది. అత్త నావైపు చూసింది.

"నౌకరిస్తే నీళ్లు మంచిగైతయా సారూ?"

"అది వేరండీ, ఇది వేరు" అన్నాను.

"మరి ఈ రెండో కాగితమేంది?"

చదివి వినిపించాను. కోడలు అప్పటికే నా పెన్ను తీసుకుంది. అత్త ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "దీనికి నౌకరి గావాలె. బర్రెలకు నీళ్లు గావాలె. రెండిట్ల ఒకటి ఏరుకొమ్మంటున్నవా? మంచి సదువే సదివినవ్ పో."

కోడలు ఏడ్చుకుంటూ లోపలికి పోయింది. నేను రెండు కాగితాలూ పట్టుకుని తిరిగొచ్చాను. ఎవరి మీద కోపమో తెలియని కోపం.

మూడో రోజు మేడమ్ వచ్చారు. దాచినా దాగదని నేనే చెప్పాను. తిడతారని ఎదురుచూశాను. ఆవిడ ఆ రెండు కాగితాలూ చదివి, మడిచి, సంచిలో పెట్టుకుని, "నడువు" అన్నారు.

ప్రహరీ తలుపు తీయించి మోరీ వెంబడే నడిపించారు. కాంట్రాక్టరు పోసిన కంకర కుప్పలు దాటి, తుమ్మ పొదలు దాటి కుంట ఒడ్డుకొచ్చాం. నీళ్ల మీద నల్లని తెట్టు. ఒడ్డున మా క్యాంటీన్ అన్నం మెతుకులు. నేను రుమాలు ముక్కుకు పెట్టుకున్నాను.

"నిన్న ఈడికే గదా వచ్చినవ్. అప్పుడు రాలేదా ఈ వాసన?"

"వచ్చింది మేడమ్."

"మరి?"

"నా పని కాదనుకున్నాను."

ఆవిడ నావైపు చూశారు. అంత అలసిపోయిన చూపు ఆవిడ కళ్లలో ఎప్పుడూ చూడలేదు. "ఫ్యాక్టరీల ఇరవై ఏండ్లు చేసిన బిడ్డా. మోరీ నీళ్లు ఏ రంగున్నయో చూసి లోపల ఏ మిషను నడుస్తుందో చెప్పేటిదాన్ని. గాడ గూడ గిట్లనే. వాసనొచ్చినోనికల్లా ఒక నౌకరి. ఆ కాగితాలు టైపు చేసింది నేనే. ఎన్నో చేసిన." కుంట వైపు తిరిగి అన్నారు. "ఇగ చెయ్య."

అప్పుడు నాకు అర్థమైంది, ఆవిడ నన్నెందుకు తిట్టలేదో.

తిరిగొచ్చాక ఆవిడ భవనం ప్లాను తెప్పించారు. సెప్టిక్ ట్యాంకు రెండొందల మందికని కట్టారు. అప్పటికి మేం ఆరొందల దాకా ఉన్నాం. వచ్చే సోమవారం ఇంకో ముప్పై మంది చేరబోతున్నారు. కాలేజీలు ముగించుకుని, వేరువేరు ఊళ్ల నుంచి. ప్లాను చంకలో పెట్టుకుని మేడమ్ ఎం.డి. గారి గదికి వెళ్లారు. ఫైళ్లు మోసే నెపంతో నన్నూ తీసుకెళ్లారు.

ఎం.డి. గారు చెడ్డమనిషి కాదు. పని ఒత్తిడిలో ఉన్న మనిషి. అంతా విని, "మేడమ్, ఇది సివిల్ ప్రాబ్లమ్. మీ డిపార్ట్‌మెంట్ కాదు" అన్నారు.

"ట్యాంకు సివిల్ సారు. అది నింపెటోళ్లు నా డిపార్ట్‌మెంట్."

"వచ్చే ఏడు ఎక్స్‌టెన్షన్ కడుతున్నాం కదా. అప్పుడు చూద్దాం."

"మంచిది సారు. ఆ ముప్పై మందిని గూడ అప్పుడే తీసుకుందం."

ఆయన నవ్వారు. మేడమ్ నవ్వలేదు. ఆవిడ సంతకం లేకుండా ఎవరినీ చేర్చుకోకూడదనే నియమం పెట్టింది ఎం.డి. గారే. అంతకుముందు మేనేజర్లు తమ బంధువులను తెచ్చి నింపుతుంటే విసిగిపోయి అలా చేశారు. తాను పెట్టిన నియమాన్ని అందరి ముందూ తానే తీసేయడం ఆయనకు నామోషీ. "మీరు సంతకం పెట్టరా?" అన్నారు. "పెడ్త సారు. ట్యాంకు తవ్వుడు షురూ చేసిన రోజు పెడ్త" అని మేడమ్ లేచి వచ్చేశారు.

బెదిరింపే అనుకున్నాను. సోమవారం దాకా.

సోమవారం ముప్పై మందీ వచ్చారు. సూటుకేసులతో, దేవుడి బొట్లతో, కొందరు తండ్రులతో. రిసెప్షన్లో కుర్చీలు చాలలేదు. పదయింది, పదకొండయింది. సంగతి బయటపడింది. నల్లగొండ నుంచి వచ్చిన ఒక అమ్మాయి మేడమ్ ఎదురుగా వచ్చి నిలబడింది. "మా ఊళ్ల అందరికీ చెప్పి వచ్చిన మేడమ్. మా నాయిన బస్టాండుల స్వీట్లు పంచిండు. ఇప్పుడు మళ్ల పోతే ఏమనుకుంటరు?"

మేడమ్ వాళ్లందరికీ ఉన్నదున్నట్టు చెప్పారు. ట్యాంకు, కుంట, గేదెలు, తన సంతకం. "తప్పు మీది గాదు" అన్నారు.

వెనకనుంచి ఎవరో అన్నారు. "మరి శిక్ష మాకెందుకండీ?"

మేడమ్ ఆ పిల్లవాడి వైపు చూశారు. "గదే నాకూ సమజైతలేదు బిడ్డా" అన్నారు.

ఆ మాటతో ఆవిడ మీద నాకు గౌరవం పెరిగిందని రాస్తే బాగుంటుంది. కానీ ఆ రోజు నాకు వచ్చింది ఒళ్లుమంట. ఒక్క సంతకం పెడితే అయిపోయేదానికి ముప్పై కుటుంబాలను రోడ్డు మీద నిలబెట్టింది. పైగా వాళ్లు తిరిగి వెళ్లిపోకుండా ఆవిడే ఏర్పాటు చేశారు. అమ్మాయిలు ఎనిమిదిమందినీ బోరబండ తన ఇంటికి తీసుకుపోయారు. అబ్బాయిలను మా ఉద్యోగుల గదులకు పంచారు. కొండాపూర్‌లో నా ఒంటరి గదికి ఆరుగురొచ్చారు. ఒక బాత్‌రూమ్, ఒక బకెట్. రోజుకు రెండు గంటలే నీళ్లొచ్చే ఇల్లు. ఇంటి యజమాని నన్ను బయటికి పిలిచి, ఇది ఇల్లా ధర్మసత్రమా అని అడిగాడు. ఆయనకేం చెప్పాలి, కుంటలో నీళ్ల గురించి చెప్పాలా?

నాలుగో రోజు నేను ఆవిడ మీద గొంతెత్తాను. జీవితంలో అదొక్కసారే.

"మీకు గేదెల మీదున్న జాలి ఈ పిల్లల మీద లేదా మేడమ్?"

ఆవిడ బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎనిమిదిమంది అమ్మాయిలు రెండు గదుల్లో పడుకుంటే ఆవిడ వంటింటి గడప దగ్గర కొంగు పరుచుకుని పడుకుంటున్నారని నాకు తర్వాత తెలిసింది. "ఉన్నది" అన్నారు. "అందుకే నిద్ర పడ్తలేదు. సంతకం పెడ్తే మంచిగ నిద్ర పడ్తది. ఆ ట్యాంకుల ఇంకో ముప్పై మందివి కలుస్తయి. నాకు వాసన రాదు, బోరబండ దూరమాయె. నీకూ రాదు. ఆమెకొస్తది. నువ్వే చెప్పు, పెట్టనా?"

పెట్టమనే చెప్దామనుకున్నాను. చెప్పకుండా, ఆ కోపంలోనే బయటికొచ్చేశాను.

ఆ రోజుల్లో ఆ ముప్పై మందినీ ఆవిడ ఖాళీగా కూర్చోనివ్వలేదు. ఊళ్లోకి తీసుకెళ్లి, ఏ ఇంట్లో నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయో, ఎక్కడికి పోతాయో రాయించారు. ఇంజినీర్లయి వచ్చిన పిల్లలు ఎండలో మోరీలు గీస్తున్నారు. నల్లగొండ అమ్మాయి గీసిన పటం చాలా బాగుందని ఆ పెద్దావిడ వాళ్లకు మజ్జిగ కూడా పోసింది. ఇద్దరు అబ్బాయిలు మాత్రం ఇదేం ఖర్మ అని వేరే కంపెనీ చూసుకుని వెళ్లిపోయారు. మేడమ్ వాళ్లను ఆపలేదు. వాళ్ల పేర్లు మాత్రం చాలా ఏళ్లు తలుచుకునేవారు. "నా మొండితనానికి పోయిన్రు ఆ ఇద్దరు" అని.

తొమ్మిదో రోజున ఆటంకం తీరింది ఎవరివల్లనంటే, తెరలు ఆర్పని ఆ ప్రాజెక్ట్ మేనేజర్ వల్ల. మనుషులు లేక ఆయన పని నిలిచిపోయింది. ఎం.డి. గారి గదిలోకి వెళ్లి బయటికి వినిపించేలా అరిచాడు. "సార్, ఆవిడ మారదు. నేను రెండేళ్లుగా చూస్తున్నాను. దండం పెడతాను, ఆ గొయ్యేదో తవ్వించేయండి!"

ఆ రోజే ఎం.డి. గారు మొదటిసారి వెనక తలుపు దాటారు. మెరిసే బూట్లతో మోరీ పక్కన నడిచారు. కుంట దగ్గర పెద్దావిడ ఉంది. ఆయనెవరో తెలుసుకుని నోటికొచ్చినట్టు తిట్టింది. జబ్బుపడ్డ గేదె చచ్చిపోయి అప్పటికి నాలుగు రోజులైంది. ఆయన వెనక్కి వస్తూ మేడమ్‌ను అడిగారు. "వాసన రోజూ ఇలాగే ఉంటుందా?"

"ఇయ్యాల గాలి అటు పోతుంది సారు. ఇయ్యాల తక్వ."

మర్నాడు తవ్వకం మొదలైంది. కొత్త ట్యాంకు అయ్యేదాకా మురుగు తోడుకుపోయే బండి రోజూ వచ్చే ఏర్పాటు చేశారు. క్యాంటీన్ నీళ్లు వేరుచేసి, మురుగును వడకట్టే మెట్టతామర పాదుల్లోకి మళ్లించారు. గునపం పడిన చప్పుడు విని, కిటికీలోంచి చూసి, మేడమ్ తన కుర్చీలో కూర్చుని ఇరవై ఎనిమిది సంతకాలు పెట్టారు. ఇరవై తొమ్మిదోది పెద్దావిడ కోడలిది. దానితో జత కాగితం ఏమీ లేదు.

నేను టైపు చేసిన ఆ రెండో కాగితం సంగతి ఆవిడ ఎం.డి. గారికి గానీ, ఇంకెవరికి గానీ చెప్పలేదు. చెప్పి ఉంటే నా ఉద్యోగం ఏమయ్యేదో తెలియదు. ఒక్కసారి ఎత్తిచూపి ఉంటే నాకూ కాస్త సుఖంగా ఉండేది. అదీ చేయలేదు.

అందరూ మెచ్చుకున్నారని రాయలేను. మరుసటి వేసవిలో పర్సనెల్ డిపార్ట్‌మెంట్ పేరు మార్చి, బొంబాయి నుంచి చక్కటి సూటు వేసుకునే ఒకాయనను తెచ్చారు. మేడమ్ ఉద్యోగ ఒప్పందాన్ని కంపెనీ పొడిగించలేదు. వీడ్కోలు సభ పెడతామంటే, "ప్లాస్టిక్ కప్పులు లేకుంటే వస్త" అన్నారు. కప్పులు అప్పటికే తెచ్చేశారు. ఆవిడ రాలేదు. మేం ఆవిడ లేకుండానే కూల్‌డ్రింకులు తాగి చప్పట్లు కొట్టాం. కుంట సంగతంటారా, ఏడాదికి నీళ్లు తేటపడ్డాయి. గేదెలు దిగాయి. ఆ తర్వాత కొన్నేళ్లకు ఎవరో దాన్ని పూడ్చి భవనం కట్టారు. ఇప్పుడు అక్కడ మూడంతస్తుల పార్కింగు ఉంది.

కుంట పూడ్చారని నేను చెప్పినప్పుడు మేడమ్ వేళ్ల మీద లెక్కపెట్టారు. "ఏడేండ్లు తాగినయి గదా బర్రెలు" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఇంత పోరాడి ఇదా మిగిలింది అంటే, ఆవిడ ఏడేళ్లు లెక్కపెడుతున్నారు.

ఇప్పుడు నేనూ హెచ్.ఆర్. హెడ్‌నే. ఏడాదికోసారి పచ్చదనం దినం చేస్తాం. ఉద్యోగులకు మొక్కలిస్తాం, పాలిథిన్ సంచుల్లో. దళసరి కాగితం మీద రంగుల ప్రశంసాపత్రాలిస్తాం. వద్దని చెప్పి చూశాను. ఇది మా పాలసీ సార్ అన్నారు హెడ్డాఫీసువాళ్లు. ఆవిడైతే ఏం చేసేవారో నాకు తెలుసు. నేను చేయలేదు. ఈ వారం రోజులుగా అదే కొరుకుతోంది.

బోరబండలో ఆవిడ ఇంటి ముందు మొన్న ఆదివారం చాలామంది ఉన్నారు. ముప్పై మందిలో పదిహేనుమందిని లెక్కపెట్టాను. కొందరు చాలా పెద్ద పదవుల్లో ఉన్నారు. అందరూ బస్సుల్లో వచ్చి చెమటతో తడిసి ఉన్నారు. నాకు ఫోన్ చేసిన నల్లగొండ అమ్మాయికి ఇప్పుడు తల నెరిసింది. "ఆ తొమ్మిది దినాలు మేడమ్‌ను ఎంత తిట్టుకున్ననో సార్" అంది. "మేడమ్‌కు ఎర్కే. పొద్దున లేపి చాయ్ ఇచ్చుకుంట, తిట్టుడు అయినంక తాగమనేటోళ్లు."

నాకు మాత్రం ఆవిడ ఆ ఇంట్లో గుర్తుకు రారు. తన ఉద్యోగం పోయిన నెలకేమో, ఒక ఆదివారం పొద్దున ఖాజాగూడకు రమ్మన్నారు. ఎందుకో చెప్పలేదు. చెరువు పక్కనున్న బండలెక్కాం. ఆవిడ చెప్పులు విప్పి, కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని నాకంటే ముందే పైకెక్కి కూర్చున్నారు. కింద నీళ్లు. దూరంగా అద్దాల భవనాలు ఎండకు మెరుస్తున్నాయి. ఇప్పుడు ఏదో ఒకటి అంటారు, అద్దాల గురించి, ఏసీల గురించి, నా టై గురించి అని ఎదురుచూశాను. "జరసేపు మాట్లాడకు" అన్నారు, నేనేం మాట్లాడకపోయినా. అరగంట అలా కూర్చున్నాం. గాలికి ఆవిడ జుట్టు రేగుతోంది. అంతసేపు దేన్నీ తప్పుపట్టకుండా ఆవిడ ఉండగలరని నాకు తెలియదు.

అప్పుడు కింద ఒకాయన స్కూటరును చెరువులోకి దింపి, సీటు మీద సబ్బు రుద్దడం మొదలుపెట్టాడు. తెల్లటి నురగ నీళ్ల మీద పరుచుకుంటోంది.

"ఓ అయ్యా! ఓ స్కూటరాయనా!"

నేను లేచేలోపే ఆవిడ లేచారు. చెప్పులు అక్కడే వదిలేసి, ఒక చెయ్యి పైకెత్తి, ఉత్తకాళ్లతో బండ మీదుగా దిగిపోతున్నారు. మేడమ్, జారుతుంది, మెల్లగా, అని నేను వెనకనుంచి అరుస్తూనే ఉన్నాను. కింద ఆయన సబ్బు చేతులతో తలెత్తి చూస్తున్నాడు. ఆవిడ ఆగలేదు. చీర కొంగు గాలికి నిటారుగా లేచింది. ఎండలో చిన్నగా, ఇంకా చిన్నగా అవుతూ, నీళ్ల వైపు దిగిపోతూనే ఉన్నారు.